యూనిఫారాలు ఉతికిన కోచ్

ప్రిన్సిపాల్ గారికి, చుట్టుపక్కల కాలేజీల నుంచి వచ్చిన పీడీలకు (ఫిజికల్ డైరెక్టర్లకు), పీఈటీలకు (వ్యాయామ ఉపాధ్యాయులకు), కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక గోడవారన నిలబడ్డ మన అమ్మాయిలకు నమస్కారం.

ఆహ్వాన పత్రికలో నా ప్రసంగానికి ‘కోచ్‌గా విజయ రహస్యాలు’ అని పేరు పెట్టారు. ఆ రహస్యాలే నాకు తెలిసుంటే నేను పీడీగా ఉన్న రోజుల్లో మన షోకేసులోకి ఇంకో రెండు కప్పులు వచ్చి ఉండేవి. అందుకని నా సంగతి వదిలేసి, అమెరికాలో టెన్నెసీ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు 38 సీజన్లు కోచ్‌గా ఉన్న ప్యాట్ సమిట్ గురించి చెబుతాను.

ఆమె గెలిచిన మ్యాచ్‌లు 1098, ఓడినవి 208. జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఎనిమిది. అన్నేళ్లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. ఈ అంకెలు చెబితే చప్పట్లు కొడతారు, బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఆమె మొదటి ఏడాదే ఎక్కువ ఇష్టం.

1974లో ఆమెకు 22 ఏళ్లు. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో పీజీ చేస్తూ అసిస్టెంట్‌గా ఉండొచ్చని నాక్స్‌విల్‌లోని ఆ యూనివర్సిటీకి వచ్చింది. ఇంతలో ఉన్న కోచ్ సెలవు మీద వెళ్లడంతో జట్టు మొత్తం ఈమె నెత్తిన పడింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టులో నలుగురు ఆమెకంటే ఒక్క ఏడాదే చిన్న. వ్యాన్ నడిపేది ఆమే, మ్యాచ్ అయ్యాక యూనిఫారాలు ఉతికేదీ ఆమే. ఆ యూనిఫారాలు కూడా అంతకు ముందు ఏడాది డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవి. కోచ్‌గా మొదటి మ్యాచ్‌లో మెర్సర్ యూనివర్సిటీ మీద 84–83తో ఓడిపోయారు. ఒక్క పాయింటు!

ఇక్కడున్న పీఈటీలను ఒక మాట అడుగుతాను. టోర్నమెంట్ నుంచి వచ్చాక పిల్లలు ఆటలో తొడుక్కునే బిబ్‌లు ఎవరు ఉతుకుతున్నారు? నవ్వుతున్నారంటే జవాబు తెలిసిపోయింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఆమె 1952 జూన్ 14న టెన్నెసీలోని క్లార్క్స్‌విల్‌లో పుట్టింది. వాళ్లది పాడి, పొగాకు ఉన్న రైతు కుటుంబం. పొగాకు చేను చాకిరీ ఏమిటో ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ముగ్గురు అన్నలు. పొలం పని అయ్యాక గడ్డివాము ఉండే అటక మీద నాన్న బిగించిన రింగు దగ్గర వాళ్లతో ఆడేది. అన్నలు చెల్లెలని జాలిపడే రకం కాదు. హైస్కూలుకు వచ్చేసరికి ఆ ఊరి బడిలో అమ్మాయిల జట్టు లేదు. అప్పుడు వాళ్ల నాన్న అమ్మాయిల జట్టు ఉన్న బడి కోసం, పక్కనే ఉన్న హెన్రియెట్టా అనే చిన్న ఊరికి కాపురం మార్చేశాడు. పిల్ల చదువు కోసం ఊరు మారినవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. అమ్మాయి ఆట కోసం మారిన తండ్రి నాకింకా తగల్లేదు.

ఇంట్లో ఆమెను ట్రిష్ అనేవారు. కాలేజీలో చేరిన కొత్తలో అందరూ ప్యాట్ అని పిలిస్తే, కాదని చెప్పడానికి సిగ్గుపడి ఊరుకుందట. తర్వాత రోజుల్లో ఆమె చూపు పడితేనే ఆటగత్తెలకు కాళ్లు వణికేవి. నమ్ముతారా? ఇంకో సంగతి. అన్నలకు ఆట మీద స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. ఈమెకు రాలేదు, ఆడపిల్లలకు అప్పుడు ఇచ్చేవాళ్లు కాదు కాబట్టి అమ్మానాన్నలే ఫీజు కట్టారు. చదువు చివరి ఏడాదిలో మోకాలు దెబ్బతింది. ఇక ఆట మానుకోవచ్చన్న డాక్టరుతో, ‘ఒలింపిక్స్‌కి వెళ్లాలి, బాగు చెయ్యండి’ అన్నాడట తండ్రి. వెళ్లింది కూడా. 1976 మాంట్రియల్‌లో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌ను మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టినప్పుడు అమెరికా జట్టులో ఆడి వెండి పతకం తెచ్చుకుంది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో అదే దేశం జట్టుకు కోచ్‌గా బంగారం తెచ్చింది. అంటే నాక్స్‌విల్‌లో మొదటి రెండేళ్లూ ఆవిడ కోచింగ్ చేస్తూ, చదువుకుంటూ, మోకాలు బాగుచేసుకుంటూ, తన ప్రాక్టీసు తను చేసుకుంది. పని ఎక్కువైందని నేను ఎవరి దగ్గరైనా గొణిగినప్పుడు ఇది గుర్తుకొచ్చి నోరు మూసుకునేదాన్ని.

ఆమె ఉద్యోగంలో చేరిన కాలం సంగతి కూడా చెప్పాలి. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఏదీ ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారాంశం. కాగితం మీదికి చట్టం వచ్చింది గానీ గ్రౌండ్ మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. కాలేజీ క్రీడలు నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ అమ్మాయిలకు మొదటి బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ పెట్టింది 1982లోనే. టెన్నెసీ హైస్కూళ్లలో అయితే ఇంకా విచిత్రం. అమ్మాయిల జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు ఇంకో సగంలో, మధ్యగీత దాటకూడదు. అమ్మాయిలు కోర్టంతా పరిగెత్తితే అలిసిపోతారని! ఈ పద్ధతి పోవాలని గట్టిగా వాదించినవాళ్లలో ప్యాట్ ఒకరు. 1979–80 సీజన్ నుంచి అక్కడా ఐదుగురి ఆటే వచ్చింది.

కాబట్టి ఆమె పెద్ద ఉద్యోగంలో చేరలేదు. చిన్న ఉద్యోగంలో చేరి, అది పెద్దదయ్యేదాకా అక్కడే ఉంది. 2006లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన జీతం అందుకున్న మొదటి మహిళా బాస్కెట్‌బాల్ కోచ్ కూడా ఆమే. మధ్యలో మగపిల్లల జట్టుకు కోచ్‌గా రమ్మన్నా వెళ్లలేదు. దాన్ని పైమెట్టు అని ఎందుకు అనుకోవాలన్నది ఆమె ప్రశ్న.

ఛాంపియన్‌షిప్ మాత్రం అంత తొందరగా చేతికి రాలేదు. ఏటేటా చివరి మెట్లదాకా వెళ్లి వెనక్కి రావడమే. మొదటి కప్పు 1987లో, అంటే చేరిన పదమూడో సీజన్‌లో. మన దగ్గర మూడేళ్లు కప్పు రాకపోతే పీడీని మార్చమంటారు. (ప్రిన్సిపాల్ గారు, మిమ్మల్ని కాదండి.) ఆ తర్వాత 1989, 1991. ఆపైన 1996, 97, 98 వరసగా మూడు. వీటిలో 1997 నాకు ముచ్చట. ఆ సీజన్‌లో పది మ్యాచ్‌లు ఓడి కూడా కప్పు కొట్టారు. మరుసటి ఏడాది 39 ఆడి 39 గెలిచారు. చివరి రెండు కప్పులూ 2007, 2008లో.

ఇప్పుడు ఆవిడ పట్టుదల గురించి ఒక కథ. 1990 సెప్టెంబరులో నెలలు నిండిన మనిషి, మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని జట్టుకు ఒప్పించడానికి విమానంలో పెన్సిల్వేనియా వెళ్లింది. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. తిరుగు దారిలో వర్జీనియాలో దించుతామన్నారు పైలట్లు. ‘వద్దు, టెన్నెసీకే పదండి’ అంది. కొడుకు సొంత రాష్ట్రంలో పుట్టాలని ఒకటి, అదే ఏడాది వర్జీనియా జట్టు తమను టోర్నమెంట్ నుంచి గెంటేసిన కోపం ఒకటి. నాక్స్‌విల్ చేరాకే బాబు పుట్టాడు. ఇంత చేస్తే ఆ మిషెల్ వేరే యూనివర్సిటీలో చేరింది! తర్వాత అక్కడ మానేసి టెన్నెసీకే వచ్చి, 1996 కప్పు గెలిచినప్పుడు చివరి పోటీల్లో ఉత్తమ క్రీడాకారిణి అయింది.

ఆమె కఠినత్వం గురించి చెప్పకుండా పొగడ్తలతో సరిపెడితే అది అబద్ధం అవుతుంది. ఒకసారి పరాయి ఊళ్లో చేతులెత్తేసినట్టు ఆడి ఓడిపోతే, రాత్రి తిరిగొచ్చాక అవే చెమట యూనిఫారాలు మళ్లీ తొడిగించి కోర్టులోకి దింపింది. ఆ యూనిఫారాల సంగతి ఆవిడకంటే ఎవరికి బాగా తెలుసు? నేను ఆ దారిలో కొంతదూరం వెళ్లినదాన్నే. ఒక ఏప్రిల్‌లో, ఆలస్యంగా వచ్చిందని ఒక పిల్లతో ఎండలో రౌండ్లు కొట్టించాను. కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిందని తర్వాత తెలిసింది. అడగాల్సింది ముందు, నేను అడిగింది తర్వాత. అందుకే ఆమె శిక్షలను మీకు నేర్పను. ఇవాళ ఎవరైనా అలా చేస్తే ఫోన్లలో వీడియోలు వస్తాయి, రావాలి కూడా.

నేర్చుకోవాల్సింది ఆమె క్లాసు నియమం. క్లాసు ఎగ్గొడితే మ్యాచ్ లేదు. క్లాసులో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. గోడవారన ఉన్న అమ్మాయిలూ, వింటున్నారా? ఆమె దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ తీసుకునే బయటికి వెళ్లింది. 1098 గెలుపుల రికార్డును తర్వాత వేరే కోచ్‌లు దాటేశారు. ఈ డిగ్రీల రికార్డును దాటడానికి ఏమీ మిగల్లేదు.

టమీకా క్యాచింగ్స్ సంగతి చూడండి. పుట్టుకతోనే వినికిడి లోపం. చిన్నప్పుడు తోటిపిల్లల ఏడిపింపులు పడలేక చెవి మిషన్లు పొలంలో విసిరేసి, ఏళ్ల తరబడి అవి లేకుండానే నెట్టుకొచ్చింది. టెన్నెసీ వచ్చాక వాటిని మళ్లీ పెట్టుకునేలా నచ్చజెప్పింది ప్యాట్ సమిట్. ఆ టమీకా తర్వాత నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచింది. చూపుతో వణికించే మనిషి ఈ మాట ఎంత మెల్లగా చెప్పి ఉంటుందో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

2011లో ఆమెకు చిన్న వయసులోనే మొదలయ్యే రకం అల్జీమర్స్, అంటే జ్ఞాపకశక్తిని తినేసే జబ్బు, ఉందని తేలింది. అప్పటికి ఇంకా అరవై కూడా నిండలేదు. ఏ నిమిషంలో ఎవరిని మార్చాలో, ఏ జట్టు ఏ ఎత్తు వేస్తుందో గుర్తుపెట్టుకోవడమే బతుకుగా ఉన్న మనిషికి ఆ జబ్బు. ఆగస్టులో అందరికీ చెప్పేసి, ఇంకో సీజన్ చేస్తానంది. బోర్డు మీద గీతలు గీయడం, ప్రెస్‌తో మాట్లాడటం చాలావరకు అసిస్టెంట్లు చూసుకున్నారు. ఆమె బెంచి మీదే కూర్చుంది. ఆ ఏడాది కూడా జట్టు జాతీయ టోర్నమెంట్‌లో చివరి ఎనిమిదిదాకా వెళ్లి, ఒక్క మ్యాచ్ కూడా ఓడని బేలర్ యూనివర్సిటీ జట్టు చేతిలో ఆగిపోయింది. ఆమె 2016 జూన్ 28న, 64 ఏళ్లకు పోయారు.

2012 ఏప్రిల్‌లో తప్పుకున్నప్పుడు ఆమె స్థానంలోకి వచ్చింది హాలీ వార్లిక్. 1976లో ఆమె దగ్గర ఆడటానికి చేరిన అమ్మాయి, తర్వాత 27 ఏళ్లు ఆమె పక్కనే అసిస్టెంట్. ఆ రోజు ప్రెస్ ముందు ప్యాట్ పెద్దగా ఏమీ మాట్లాడలేదు. తన విజిల్ తీసి హాలీ చేతికిచ్చింది.