వెంట్రుకవాసి ఎంత?

శ్రోతలకు నమస్కారం.

గండం వెంట్రుకవాసిలో తప్పిందంటాం. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాను. షాఫ్టులూ, అంటే యంత్రాల్లో తిరిగే గుండ్రటి కడ్డీలూ, వాటిని మోసే బేరింగులూ చేసేవాళ్ళకి వెంట్రుకవాసి అంటే చాలా పెద్ద తేడా.

పని నేర్చుకునే రోజుల్లో, 25 మిల్లీమీటర్ల షాఫ్టు చెయ్యమంటే సరిగ్గా 25 తెచ్చినవాడే మొనగాడనుకునేవాణ్ణి. కానీ సరిగ్గా 25 ఎవరికీ రాదు. వచ్చిందనిపిస్తే, అంతకంటే సన్నగా కొలిచే పరికరం ఇంకా తేలేదన్నమాట. అందుకే డ్రాయింగులో రెండు హద్దులిస్తారు. వాటి మధ్య ఎక్కడున్నా సరుకు మంచిదే. ఆ ఎడాన్నే టాలరెన్స్ అంటారు.

25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 అని హద్దుల గుర్తు రాసి ఉందనుకోండి. అది 25.000 నుంచి 25.021 దాకా ఉండొచ్చు. అందులో తిరగాల్సిన షాఫ్టుకి జి6 అని రాస్తారు: 24.980 నుంచి 24.993. ఏ షాఫ్టుని ఏ రంధ్రంలో పెట్టినా కనీసం 7, మహా అయితే 41 మైక్రాన్ల వదులుంటుంది. నూనె పొర నిలిచేది ఆ సందులోనే. అదే రంధ్రానికి పి6 షాఫ్టు ఇస్తే కథ మారిపోతుంది. అది 25.022 నుంచి 25.035, అంటే రంధ్రం కంటే ఎప్పుడూ లావే. చేత్తో దూరదు, ప్రెస్సు మీద దిగ్గొట్టాలి. దిగాక మాత్రం మేకూ బోల్టూ లేకుండానే పట్టు పడుతుంది.

రంధ్రాన్ని అలాగే ఉంచి షాఫ్టునే ఎందుకు మారుస్తారంటే, రంధ్రం సైజు రీమరుది, అంటే రంధ్రాన్ని సరైన సైజుకి నునుపుగా కోసే పనిముట్టుది. సైజుకో రీమరు కొనాలి. షాఫ్టుని ఎంత కావాలంటే అంతకి సానపట్టుకోవచ్చు.

ఈ హద్దులు లేని కాలంలో ప్రతి షాఫ్టునీ దాని రంధ్రానికే ఆకురాయితో అరగదీసి కూర్చేవారు. ఒకదాని ముక్క ఇంకోదానికి పట్టేది కాదు. ఇప్పుడు బేరింగు పోతే, ఎక్కడో తయారైన కొత్తది తెచ్చి ఎక్కించేస్తున్నాం.

డ్రాయింగు గీసేవాళ్ళతో నాకో పేచీ ఉంది. ఎందుకైనా మంచిదని అక్కర్లేని చోట కూడా హద్దులు బిగించేస్తారు. లేత్ మీద చెక్కితే తేలిపోయే పని, సానపట్టే గ్రైండింగుకి వెళుతుంది. ఖర్చు పెరుగుతుంది, పనితనం మాత్రం పెరగదు.

ఇక వేడి సంగతి. కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూసినవిగా లెక్క. ఉక్కు మీటరు పొడవుకి, డిగ్రీకి సుమారు పదకొండున్నర మైక్రాన్లు పెరుగుతుంది. ఓసారి 100 మిల్లీమీటర్ల షాఫ్టుకి జి6 తేవాలి. నాకిచ్చిన ఎడం 22 మైక్రాన్లు. గ్రైండింగ్ మిషన్ మీంచి దించుతూనే కొలిచాను, హద్దుల్లోనే ఉంది. చేతికి వెచ్చగా తగిలింది గానీ పట్టించుకోలేదు. ఆ సైజు ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే 23 మైక్రాన్లు లావెక్కుతుంది. నాకిచ్చిన ఎడమంతా వేడికే సరి.

మర్నాడు పొద్దున మా మేస్త్రీ మళ్ళీ కొలిచి, ఏమీ అనకుండా ఆ షాఫ్టుని నా చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది.