ఫిబ్రవరి కత్తెర, జూలై పూలు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు వెనక పెరట్లో మొదట చేసే పని గోంగూర విత్తనాలు చల్లడం. ఆ తర్వాత జూలై వచ్చాక ఎవరో ఒకరు ఫోన్ చేసి, పక్కింటివాళ్ల ఫెన్స్ నిండా ఊదారంగు పూలు పూసిందండీ, ఆ తీగ పేరేమిటండీ అని అడుగుతారు. పది మంది అడిగితే తొమ్మిది మందికి జవాబు ఒకటే: క్లెమాటిస్. అందులోనూ ఎక్కువగా కనిపించేది జాక్‌మనీ అనే రకం.

ఆ తీగ గురించే ఈ రోజు మాట్లాడతాను. ఇంత చలిలో, ఫిబ్రవరి నెలలో వేసవి పూల మాట ఎందుకంటారా? ఆ పూలు ఏ ఎత్తున వస్తాయో, ఎన్ని వస్తాయో తేలిపోయేది ఇప్పుడే.

మీ పెరట్లో క్లెమాటిస్ ఉంటే ఒకసారి దగ్గరికి వెళ్లి చూడండి. ఎండుపుల్లల చిక్కు తప్ప ఏమీ కనిపించదు. కాడలు గోధుమరంగులో, గోటితో గీస్తే పొట్టు రాలేలా ఉంటాయి. నిరుటి ఆకులు నల్లటి పీలికలై తీగకే వేలాడుతుంటాయి. చచ్చిపోయిందని పీకి పారేసినవాళ్లు కూడా నాకు తెలుసు. కొంచెం వంగి మొదలు దగ్గర చూడండి. ఒక్కో కణుపుకీ అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా, బియ్యపు గింజంత చిగురు మొగ్గలు ఉబ్బి ఉంటాయి. నేల నుంచి ఒక అడుగు ఎత్తులో బలంగా ఉన్న జత ఒకటి చూసుకుని, దానికి కాస్త పైన అడ్డంగా కత్తిరించేయాలి. పైనున్న ఎనిమిది, తొమ్మిది అడుగుల చిక్కంతా లాగి పారేయాలి. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య వరకు ఈ పనికి సమయం ఉంది. చేతికి గ్లోవ్స్ వేసుకోండి, దీని రసం కొందరి చర్మానికి పడదు.

ఇక్కడే మనవాళ్లకు చెయ్యి రాదు. పచ్చగా చిగురు వస్తున్న తీగని మొదలంటా కోయడమా అని మనసొప్పదు. మన ఊళ్లలో మల్లెకి ఏం చేస్తారో గుర్తుతెచ్చుకోండి. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తారు. కొత్త చిగురు వస్తేనే మొగ్గ వస్తుందని ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. జాక్‌మనీ కూడా అంతే. ఈ ఏడు పెరిగిన కొత్త కొమ్మ కొసకే పూస్తుంది. కోయకుండా వదిలేస్తే పాత కొమ్మల కొసల్లోనే కొత్త చిగురు మొదలవుతుంది. పూలన్నీ నెత్తి మీద ఎక్కడో, కిందంతా బోసి కాడలు. పైగా పూలు వెలుగు వైపు తిరుగుతాయి. మీ ఫెన్స్‌కి దక్షిణం వైపు పక్కింటివాళ్లు ఉంటే నీళ్లు మీవి, పూలు వాళ్లవి.

అయితే ఒక జాగ్రత్త. క్లెమాటిస్ అని పేరున్న ప్రతి తీగనీ ఇలా కోయకూడదు. తోటపని చేసేవాళ్లు వీటిని మూడు గ్రూపులుగా చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో పూసే మోంటానా లాంటివి ఒకటో గ్రూపు. అవి నిరుటి కొమ్మ మీదే పూస్తాయి కాబట్టి ఫిబ్రవరిలో కోస్తే ఆ ఏడు పూలు ఉండవు. ఈ మోంటానా హిమాలయాల తీగ. మన దేశానికి గవర్నర్ జనరల్‌గా పనిచేసిన ఆమ్‌హర్స్ట్ గారి భార్య దాన్ని 1831లో ఇంగ్లండుకు పరిచయం చేసింది. నెల్లీ మోజర్ లాంటి పెద్ద పూల రకాలు రెండో గ్రూపు. మే, జూన్‌లలో పాత కొమ్మ మీద ఒక విడత పూసి, తర్వాత కొత్త కొమ్మ మీద కొంచెం పూస్తాయి. వాటికి ఎండిన కొసలు తీస్తే చాలు. జాక్‌మనీ, విటిసెల్లా జాతి రకాలు మూడో గ్రూపు. నేను చెబుతున్న కత్తెర వాటికే. మీ తీగ ఏ గ్రూపో తెలియకపోతే ఈ ఏడు ముట్టుకోకండి. ఏ నెలలో పూసిందో, పాత కొమ్మకా కొత్త కొమ్మకా చూసుకుని, వచ్చే ఏడు కత్తెర పట్టండి. మూడో గ్రూపు తీగని ఒక ఏడు కోయకపోయినా కొంపేం మునగదు.

ఈ జాక్‌మనీ పుట్టిందెక్కడో చెప్పాలి, ఎందుకంటే ఆ కథలోనే దాని స్వభావం ఉంది. లండన్‌కి దగ్గర్లో, సర్రే జిల్లాలోని వోకింగ్‌లో జాక్‌మన్ కుటుంబానికి నర్సరీ ఉండేది. 1858లో వాళ్లు రెండు మూడు రకాల క్లెమాటిస్‌ల మధ్య సంకరం చేశారు. వాటిలో ఒకటి చైనాలోని నింగ్బో ప్రాంతం నుంచి 1850 ప్రాంతంలో వచ్చిన లానూజినోసా. పెద్ద పూలు దాని నుంచి వచ్చాయి. దాన్ని ఇంగ్లండుకు పంపింది రాబర్ట్ ఫార్చ్యూన్. ఈస్టిండియా కంపెనీ తరఫున చైనా తేయాకు మొక్కల్ని హిమాలయాల దిగువకు చేర్చింది కూడా ఈయనే. రెండోది దక్షిణ యూరప్‌కు చెందిన విటిసెల్లా. చిన్న పూలు, కానీ మొండి మొక్క, కొత్త కొమ్మకి ఆలస్యంగా పూసే గుణం దానిది. ఈ సంకరం మొక్కలు 1862లో పూశాయి. అరచేయంత వెడల్పు, ముదురు ఊదా, పట్టులాంటి మెరుపు. నూట అరవై ఏళ్లు దాటినా నర్సరీల్లో ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఇంకో మాట: మనం రేకులు అనుకునేవి ఇందులో రేకులు కావు. బడిలో చదువుకున్న రక్షక పత్రాలే రంగు తెచ్చుకుని ఆ పని చేస్తున్నాయి.

ఇక నాటడం. వసంతంలో గానీ, సెప్టెంబరులో గానీ నాటుకోవచ్చు. గోడ మొదట్లో నాటకండి. ఇక్కడ వాన ఎంత కురిసినా గోడ అడుగున మట్టి పొడిగానే ఉంటుంది. అడుగున్నర దూరం జరిపి, ఒక సన్నని కర్ర వాలుగా పెట్టి తీగని గోడ వైపు మళ్లించండి. గుంత లోతుగా, వెడల్పుగా తవ్వి మాగిన ఎరువు కలపండి. కుండీలో మట్టి ఏ మట్టం వరకు ఉందో, దానికి మూడు వేళ్ల లోతు ఎక్కువగా దించి నాటాలి. మామూలుగా ఏ మొక్కకీ ఇలా చేయం, కాడ కుళ్లుతుందని భయం. దీనికి మాత్రం అదే బీమా. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

క్లెమాటిస్‌కి ఒక తెగులుంది. రాత్రి నిగనిగలాడిన తీగ తెల్లారేసరికి వాడిపోయి, ఆకు కాడలు నల్లబడి వేలాడుతుంది. నీళ్లు లేక అనుకుని ఇంకో బకెట్ పోస్తాం, లాభం ఉండదు. ఒక ఫంగస్ కాడలోకి దిగి నీటి దారి మూసేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నర్సరీలవాళ్లని బాగా ఏడిపించింది ఇదే. మందు కోసం వెతకొద్దు. నల్లబడిన కాడని కింద ఆరోగ్యంగా ఉన్న చోటు వరకు, అవసరమైతే నేల మట్టానికి కోసేయండి. కోసినది కంపోస్టులో వేయకండి, కత్తెర శుభ్రంగా తుడవండి. లోతుగా నాటి ఉంటే నేల కింద ఉన్న కణుపుల నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. అందుకే మూడు వేళ్ల లోతు. ఈ తెగులు రెండో గ్రూపు పెద్ద పూల వాటికే ఎక్కువ, విటిసెల్లా రకాలకి చాలా అరుదు. మొదటిసారి పెంచేవాళ్లకి నా సలహా: జాక్‌మనీ కన్నా ముందు పోలిష్ స్పిరిట్ అనే విటిసెల్లా రకం తీసుకోండి. వార్సాలో జెసూట్ మఠంలో బ్రదర్ స్టెఫాన్ ఫ్రాంచాక్ అనే ఆయన సృష్టించినది. పూవు కాస్త చిన్నది, మొక్క మాత్రం గట్టిపిండం.

పందిరి విషయంలో చాలామంది పొరబడతారు. బీరతీగకి నులితీగలుంటాయి, అవి దొరికినదాన్ని పట్టుకుంటాయి. దీనికి నులితీగలు లేవు. ఆకు కాడే మెలి తిరిగి ఆధారాన్ని చుట్టుకుంటుంది. చార్లెస్ డార్విన్ ఎగబాకే మొక్కల మీద 1865లో రాసినప్పుడు, సన్నని దారం ఉచ్చు వేలాడదీసినా ఈ కాడలు స్పందించి వంగడం గమనించాడు. అంత సున్నితమైన కాడ బొటనవేలు లావు కర్రని చుట్టలేదు. పెన్సిల్ కన్నా సన్నగా ఉండే తీగలు కట్టండి, లేదా మెష్ బిగించండి. ఏప్రిల్‌లో చిగురు రోజుకో బెత్తెడు లేచేటప్పుడు వారానికి రెండుసార్లయినా పక్కలకు సర్ది కట్టాలి. లేకపోతే అన్నీ ఒకదానికొకటి చుట్టుకుని తాడైపోతాయి. విడదీయబోతే పుటుక్కున విరుగుతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తలకి ఎండ, మొదలుకి నీడ కావాలి. మొదట్లో పొట్టి పూలమొక్కలు వేయండి. వానలేని వారాల్లో నిండు బకెట్ నీళ్లు పోయండి. వసంతంలో పొటాష్ ఎక్కువున్న టమాటా ఎరువు ఇచ్చినా పనిచేస్తుంది. లేత చిగురుకి అసలు శత్రువు నత్తలు. రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి ఏరడమే నమ్మకమైన మార్గం, ఇక్కడి వానల్లో అది సరదా పనేం కాదు.

హైదరాబాద్, విజయవాడల నుంచి వినేవాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి జాక్‌మనీ తెప్పించుకుని డబ్బు పోగొట్టుకోకండి. దీనికి చలినిద్ర కావాలి, మన మైదానాల మే నెల ఎండ దానికి పడదు. ఆ గోడ మీద శంఖుపుష్పం గానీ రాధామనోహరం గానీ పాకించండి. క్లెమాటిస్ చూడాలని ఉంటే ఏప్రిల్ చివర్లో ముస్సోరీ, సిమ్లా వైపు వెళ్లినప్పుడు దారి పక్క చెట్లని గమనించండి. ఆమ్‌హర్స్ట్ దొరసాని తీసుకెళ్లిన మోంటానా అక్కడ ఏ కత్తెరా లేకుండా తెల్లగా పూసి ఉంటుంది.

ఇక సెలవు. నమస్కారం.