రిజిస్టరుకెక్కని జబ్బులు
(కళాశాల ఆరోగ్య అవగాహన వారోత్సవ ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, హాస్టల్ వార్డెన్లకు, హాలులో చోటు చాలక వరండాలో నిలబడి వింటున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు, నేను డాక్టరును కాను, జంతుశాస్త్రం పాఠం చెప్పుకొనేదాన్ని అని ముందే మనవి చేశాను. అయినా ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రామ్ ఆఫీసరుగా కొన్నాళ్లు, ఆరోగ్య కమిటీ సభ్యురాలిగా మరికొన్నాళ్లు పనిచేసిన అనుభవం ఉంది కాబట్టి, జబ్బుల గురించి కాకుండా, జబ్బు పడిన విద్యార్థికీ మనం ఏర్పాటు చేసిన సేవకూ మధ్య ఏం జరుగుతుందో చెప్పగలనన్న ధైర్యంతో వచ్చాను.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కళాశాలలో సిక్ రూమ్ ఉండేది. రెండు మంచాలు, ఒక తెర, బరువు తూచే యంత్రం, బీపీ చూసే పరికరం, వారానికి మూడు రోజులు వచ్చే నర్సు. కాగితం మీద చూస్తే ఏ లోటూ లేదు. గుమ్మంలోనే ఒక బల్ల, దాని మీద పొడుగాటి రిజిస్టరు, ఎవరూ పట్టుకుపోకుండా పురికొసతో కట్టిన పెన్ను. తేదీ, పేరు, గ్రూపు, అనారోగ్య కారణం, ఇచ్చిన మందు, సంతకం అని గడులు గీసి ఉండేవి. ఒక విద్యాసంవత్సరం చివర వార్షిక నివేదిక రాయడం కోసం ఆ రిజిస్టరు తిరగేశాను. అనారోగ్య కారణం అన్న గడిలో ‘తలనొప్పి’ అని ఉంది. దాని కింది గడిలో రెండు చిన్న గీతలు, అంటే పైదే అని అర్థం. ఆ కిందా రెండు గీతలే. అలా పేజీ తరవాత పేజీ, ఏడాది పొడుగునా, మా పిల్లలందరికీ తలనొప్పి తప్ప మరో జబ్బే రాలేదు. మందు గడిలో పారాసిటమాల్, దాని కిందా అవే గీతలు.

ఇదేమిటని బి.ఎస్సీ. రెండో సంవత్సరం అమ్మాయిని ఒకరిని అడిగాను. ‘మేడమ్, నా వెనక మా క్లాసు అబ్బాయిలు నిలబడి నేనేం రాస్తున్నానో చూస్తుంటే నెలసరి నొప్పి అని ఎట్లా రాయమంటారు?’ అంది. ఆ రిజిస్టరు పెట్టినవారిలో నేనూ ఒకతెను. మందుల లెక్క తేలాలన్న శ్రద్ధ తప్ప మాలో దురుద్దేశం లేదు. కానీ అలా తెరిచి పెట్టిన పుస్తకమే ఆ గదికి తాళం అయింది.

అందుకే ఈ రోజు నేను మనవి చేసేది ఒక్కటే విషయం. కళాశాలలో ఆరోగ్య సేవ ఉందా లేదా అన్నది గదితోనో మంచాలతోనో బోర్డుతోనో తేలదు. అక్కడ చెప్పిన మాట అక్కడే ఉంటుందన్న నమ్మకం విద్యార్థికి ఉంటే సేవ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మొదట, చెప్పుకోవడానికి సిగ్గు పడనక్కరలేనిదే అయినా చెప్పుకోని జబ్బు గురించి. 2019–21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 58.8, తెలంగాణలో 57.6. పురుషులలో దేశవ్యాప్తంగా 25 శాతం. అంటే ఈ హాలులో కుడివైపు కూర్చున్న అమ్మాయిలలో సగానికి పైగా, ఎడమవైపు అబ్బాయిలలో నలుగురికి ఒకరు ఆ లెక్కలో ఉండవచ్చు. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరు రక్తంలో 12 గ్రాములు, పురుషుడికి 13 గ్రాములు హిమోగ్లోబిన్ ఉండాలి. తగ్గితే వచ్చే లక్షణాలు ఎవరూ జబ్బుగా లెక్కపెట్టనివి. రెండో అంతస్తు ల్యాబుకు ఎక్కేసరికి ఆయాసం, మధ్యాహ్నం క్లాసులో మగత, చదివింది ఎక్కకపోవడం. మేము దాన్ని బద్ధకం అంటాం, ఇంట్లో వాళ్లు సెల్‌ఫోన్ వల్ల అంటారు.

ప్రభుత్వ కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ల వారికి వారానికి ఒకటి చొప్పున నీలం రంగు మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. బడిలో టీచరు ఎదుటే మింగించేవారు కాబట్టి మీలో చాలామందికి ఆ మాత్ర గుర్తుండే ఉంటుంది. డిగ్రీకి వచ్చాక ఆ అలవాటు పోతుంది. మాత్ర వేసుకుంటే వికారం వస్తుందనీ, విరేచనం నల్లగా అవుతుందనీ భయపడి మానేసినవారు కూడా ఉన్నారు. నల్లగా అవడం ఐరన్ వల్లనే, దానివల్ల హాని లేదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిమ్మరసమో జామకాయో తోడైతే ఐరన్ బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ మాత్రం దాన్ని ఒంటబట్టనివ్వవు కనుక మాత్రకూ టీకీ మధ్య కనీసం గంటైనా ఎడం ఉండాలి. ఇక తిండి సంగతి. పల్లెల నుంచి వచ్చే అమ్మాయిలు ఆరున్నర బస్సు అందుకోవడానికి ఖాళీ కడుపుతో బయలుదేరి, పదకొండు గంటల విరామంలో ఒక టీ, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుంటారు. తోటకూర తినండి, మునగాకు తినండి అని గోడపత్రిక అంటించడం తేలికే. ఆ సమయంలో తినడానికి క్యాంటీన్‌లో ఏముందో చూడడం కష్టం. వారోత్సవానికి కట్టే ఫ్లెక్సీల ఖర్చుతో కొన్నాళ్లపాటు ఉడికించిన శనగలో పల్లీలో పెట్టవచ్చని నాకు ప్రతి సంవత్సరం అనిపిస్తుంది. ఈసారి మైకు ముందే అనేశాను, ప్రిన్సిపాల్ గారు క్షమించాలి.

దీనికి ఆనుకునే ఉన్న మరో విషయం నీళ్లు. మా తరగతిలో ముందు వరుసలో కూర్చునే ఒక అమ్మాయి నీళ్ల సీసా ఎప్పుడూ నిండుగానే ఉండడం గమనించాను. పొద్దున ఇంట్లో నింపుకొన్న సీసా సాయంత్రం అలాగే ఇంటికి పోయేది. కారణం దాహం లేక కాదు. మూత్రశాలకు గడియ లేదు, గడియ ఉన్న దానిలో నీళ్లు రావు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాగకుండా, వెళ్లకుండా బిగబట్టుకొని కూర్చుంటారు. స్త్రీలలో మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే నాళం పొట్టిగా ఉంటుంది కనుక ఇన్ఫెక్షన్ రావడం తేలిక. నీళ్లు తాగకపోవడం, ఆపుకోవడం ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. మంట, చలిజ్వరం వచ్చాక కూడా ఆ అమ్మాయి రిజిస్టరులో రాసేది తలనొప్పే. కాబట్టి కళాశాల ఆరోగ్య కమిటీ సమావేశానికి డాక్టరును పిలవడానికి ముందు ప్లంబరును పిలవాలి. ఇది హాస్యానికి అన్న మాట కాదు.

ఇక మనసు సంగతి. దీని గురించి కాస్త నిదానంగా మాట్లాడతాను.

సబ్జెక్టులు పోవడం, ఇంగ్లీషు మాధ్యమంలో అడుగుపెట్టిన మొదటి ఏడాది పాఠం అర్థం కాకపోవడం, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక హాల్‌టికెట్టు చేతికి వస్తుందో రాదోనన్న బెంగ, ఇంట్లో అప్పులు, కులం పేరుతో పడిన మాట, తెగిపోయిన ప్రేమ. వీటిలో ఏదైనా ఒక విద్యార్థిని నిద్రకూ తిండికీ దూరం చేయవచ్చు. మన హాజరు నిబంధన ప్రకారం 75 శాతం లేకపోతే వైద్య ధ్రువపత్రం తేవాలి. దిగులుతో నెల రోజులు గది దాటలేకపోయిన కుర్రవాడు ఏ ధ్రువపత్రం తెస్తాడు? తెలిసిన డాక్టరు దగ్గర వైరల్ జ్వరం అని రాయించుకొని తెస్తాడు. రిజిస్టరులో తలనొప్పి ఎలాంటిదో, ధ్రువపత్రంలో వైరల్ జ్వరం అలాంటిది. అబద్ధమని మాకూ తెలుసు, సంతకం పెట్టేస్తాం. ఆ కుర్రవాడు హాజరు సంపాదించుకుంటాడు గాని, తన బాధ చెప్పుకొనే ఒక్క అవకాశాన్నీ పోగొట్టుకుంటాడు.

చట్టం ఈ విషయంలో మనకంటే ముందుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ మానసిక ఆరోగ్యానికీ చికిత్సకూ సంబంధించిన వివరాలను గోప్యంగా ఉంచడాన్ని హక్కుగా గుర్తించింది. తనకో ఇతరులకో ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్పించడానికి అవసరమైనంత మేరకు చెప్పడం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. అదే చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించరాదని చెబుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్‌కు సమానమైనది 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి అడ్డుకోవడం కోసం చేసే ప్రయత్నాన్ని మాత్రమే అది నేరంగా ఉంచింది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో స్నేహితుణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవడానికి వెనకాడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

విశాఖపట్నంలో నీట్‌కు శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న సంస్థలో అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణులో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలని, బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలోనూ తరగతి గదులలోనూ పెద్ద అక్షరాలతో కనబడేలా రాయాలని అందులో ఉంది. బోధనేతర సిబ్బంది అన్న మాటను నేను ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాను. రెండు రోజులుగా ఫలానా పిల్ల కంచం ముట్టలేదని మొదట తెలిసేది మెస్‌లో వడ్డించే అక్కకు. రాత్రి రెండింటికి ఎవరు మెట్ల మీద కూర్చుంటున్నారో తెలిసేది వాచ్‌మన్‌కు. మాకు తెలిసేసరికి అంతర్గత పరీక్షల మార్కులు వస్తాయి.

కౌన్సెలరును నియమించగానే పని అయిపోదు. ఆ గది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ప్రిన్సిపాల్ గది పక్కన, స్టాఫ్ రూమ్‌కు ఎదురుగా, ‘కౌన్సెలింగ్’ అని ఎర్ర అక్షరాలు రాసిన తలుపు నెట్టుకొని లోపలికి వెళ్లే సాహసం ఇబ్బందిలో లేనివారికే ఉంటుంది. మన భాషలో కౌన్సెలింగ్ అన్న మాటకు ఇప్పటికే రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి సీట్ల కేటాయింపు. రెండోది, తప్పు చేసిన పిల్లవాణ్ణి తల్లిదండ్రుల ఎదుట నిలబెట్టి చీవాట్లు పెట్టడం. మూడో అర్థం ఉన్నదని మనం చేతల్లో చూపించాలి.

విద్యార్థులకు ఒక మాట. మీ స్నేహితుడు చాలా మారిపోయాడని అనిపిస్తే, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా, మెల్లగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగాక సలహాలు చెప్పకుండా వినండి. ‘నీకేం తక్కువరా’ అన్న మాట మాత్రం అనకండి. ప్రమాదం ఉందనిపిస్తే ఒంటరిగా వదలవద్దు, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టినా సరే, పెద్దవారిలో ఒకరికి చెప్పండి. ఇంతసేపూ గోప్యత గురించి మాట్లాడిన నేనే ఈ మాట అంటున్నాను. ప్రాణం దగ్గర ఆ ఒట్టు చెల్లదు. ప్రాణం మీదకు వస్తే 108కి ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా 14416కు చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కరలేదు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ ఇది. ర్యాగింగ్ ఎదురైతే 1800-180-5522 నంబరు ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదు కళాశాల అంతర్గత కమిటీకి మూడు నెలల లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పెంచే వీలుంది. ఆ కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఒకసారి చూసి ఉంచుకోండి.

ఇక మన కళాశాలలో ఈ వారం నుంచి జరగబోయేవి. సిక్ రూమ్ బల్ల మీది రిజిస్టరు తీసేశాం. దాని బదులు మడిచి డబ్బాలో వేసే చీటీలు ఉంటాయి. వాటిని నర్సు తప్ప ఎవరూ విప్పరు, మందుల లెక్క నంబర్ల మీద నడుస్తుంది. కౌన్సెలింగ్ గదిని లైబ్రరీ వెనక పాత పత్రికల గదిలోకి మార్చాం. లైబ్రరీకి వెళ్లేవారిని ఎందుకని ఎవరూ అడగరు కదా. ఆడపిల్లల మూత్రశాలలకు గడియలు నిన్ననే బిగించారు. నీళ్ల పైపు పని శుక్రవారానికి అవుతుందని మేస్త్రీ మాట ఇచ్చాడు, కాకపోతే శనివారం నన్ను అడగండి.

రేపు ఉదయం 10 గంటల నుంచి జంతుశాస్త్రం ల్యాబులో హిమోగ్లోబిన్ పరీక్ష ఉంటుంది. ఫలితం మడిచిన కాగితంలో మీ చేతికే ఇస్తాం, జాబితా ఎక్కడా అంటించం. అబ్బాయిలు కూడా రావాలి. ఈ పరీక్షకు ఖాళీ కడుపుతో రావలసిన పని లేదు. తిని రండి.