ఇంగ్లీషు వాక్యంలో కామా చేసే పని

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

"హైదరాబాదులో ఉండే మా అన్నయ్య రేపు వస్తున్నాడు." ఈ మాట విన్నవారికి మీకు ఎంతమంది అన్నయ్యలో తెలియదు. ఒక్కడే కావచ్చు, ముగ్గురిలో ఒకడు కావచ్చు. తెలుగుకు ఆ సంగతి తేల్చాల్సిన పని లేదు. 'ఉండే' అన్న విశేషణం రెండింటికీ సరిపోతుంది. ఇంగ్లీషులో రాయబోతే తేల్చక తప్పదు. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ హైదరాబాద్ ఈజ్ కమింగ్" అని కామాలు లేకుండా రాస్తే, అన్నదమ్ములు ఇంకా ఉన్నారనీ, వాళ్లలో హైదరాబాదులో ఉండేవాడు వస్తున్నాడనీ అర్థం. "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ హైదరాబాద్, ఈజ్ కమింగ్" అంటే ఉన్నది ఒక్కడే. హైదరాబాదు ముచ్చట పక్కన చేర్చిన సమాచారం.

ఊపిరి తీసుకునేచోట కామా పెట్టమని చిన్న తరగతుల్లో నేర్పుతారు. పైకి చదివేటప్పుడు ఆ సూత్రం పనికొస్తుంది. రాసేటప్పుడు మాత్రం చెరుపే చేస్తుంది, ఎందుకంటే తెలుగులో ప్రత్యయాలు మోసే బరువులో కొంత ఇంగ్లీషులో కామా మోస్తుంది. తాటాకుల మీద పద్యాలు కామా లేకుండానే నిలిచాయి. ని, కి, తో, అని, అయితే అన్నవి ఏ మాట దేనికి చెందుతుందో చెప్పేస్తాయి. ఇంగ్లీషుకు ఆ వసతి తక్కువ. అందుకే కామా పెట్టే ముందు గొంతును కాదు, వాక్య నిర్మాణాన్ని అడగాలి.

మొదట జంట కామాల సంగతి. పక్కన చేర్చిన సమాచారానికి రెండు వైపులా కామా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. మన రాతల్లో ఎక్కువగా పోయేది రెండో కామా: "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ హైదరాబాద్ ఈజ్ కమింగ్." తలుపు తీసి వేయడం మరచినట్టే. పరీక్ష సులువు. రెండు కామాల మధ్య భాగాన్ని వేలితో మూయండి. మిగిలింది నిండు వాక్యంగా, అదే నిజాన్ని చెబుతుంటే కామాలు సరైనవి. మన రాజ్యాంగ పీఠిక మొదట్లోనే ఇది కనిపిస్తుంది: "వి, ది పీపుల్ ఆఫ్ ఇండియా, హ్యావింగ్ సాలెమ్‌లీ రిజాల్వ్‌డ్..." 'వి' ఎవరో చెప్పే మాటకు అటూ ఇటూ కామా. అమెరికా రాజ్యాంగ పీఠికలో 'వి' తరువాత కామా లేదు. అక్కడ 'వి ది పీపుల్' అన్నది ఒకే ముద్ద.

ఈ జంటలో రెండో కామా ఎంత బరువైనదో కెనడాలో ఒక ఒప్పందం చూపించింది. కరెంటు స్తంభాల వాడకం గురించి రోజర్స్, ఏలియంట్ అనే రెండు సంస్థల మధ్య వివాదం. ఒప్పందం ఐదేళ్లు సాగుతుంది, "ఆండ్ దేర్‌ఆఫ్టర్ ఫర్ సక్సెసివ్ ఫైవ్ ఇయర్ టర్మ్స్, అన్‌లెస్ ఆండ్ అంటిల్ టర్మినేటెడ్" అని వాక్యం. 'ఆండ్' ముందు ఒక కామా, 'టర్మ్స్' తరువాత ఒక కామా. ఆ రెండో కామా ఉన్నందువల్ల మధ్య భాగం పక్కన చేర్చిన మాటైపోయి, ఏడాది ముందు నోటీసుతో రద్దు చేసే హక్కు మొదటి ఐదేళ్లకూ వర్తిస్తుందని 2006లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ తేల్చింది. రోజర్స్ అప్పీలు చేసింది. అదే ఒప్పందపు ఫ్రెంచి పాఠంలో అర్థం స్పష్టంగా ఉండటంతో 2007లో తీర్పు తిరగబడింది. ఇంగ్లీషు పాఠం ఒక్కటే ఉండి ఉంటే, కామా మాటే చెల్లేది.

రెండో తప్పు మనకు తప్పుగా తోచనే తోచదు. "వాన మొదలైంది, ఆట ఆగింది." తెలుగులో ముచ్చటైన వాక్యం. "ది రెయిన్ స్టార్టెడ్, ది మ్యాచ్ స్టాప్డ్" అని రాస్తే దాన్ని కామా స్ప్లైస్ అంటారు. పరీక్షల్లో మార్కులు పోయేది, ఉద్యోగ దరఖాస్తులో చెడ్డపేరు తెచ్చేది ఇదే. రెండు నిండు వాక్యాలను ఒంటి కామా మోయలేదు. సవరించే దారులు నాలుగు: ఫుల్‌స్టాప్ పెట్టి విడదీయడం, సెమికోలన్ పెట్టడం, కామా తరువాత 'సో' చేర్చడం, 'వెన్ ది రెయిన్ స్టార్టెడ్, ది మ్యాచ్ స్టాప్డ్' అని ఒకదాన్ని మరొకదానికి లోబరచడం. కామాతో కలిసి ఈ బరువు మోసే మాటలు ఏడు: ఫర్, ఆండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. 'హౌఎవర్', 'దేర్‌ఫోర్' ఈ ఏడింటిలో లేవు. "ఐ అప్లైడ్, హౌఎవర్ ఐ వాజ్ లేట్" తప్పు. 'అప్లైడ్' తరువాత సెమికోలన్, 'హౌఎవర్' తరువాత కామా రావాలి. ఆఫీసు ఉత్తరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా దిద్దాల్సివచ్చేది ఇదే.

మూడోది కర్తకూ క్రియకూ మధ్య పడే కామా. "ది రిపోర్ట్ సబ్మిటెడ్ బై ది కమిటీ లాస్ట్ వీక్, ఈజ్ ఇన్‌కంప్లీట్." కర్త పొడవైతే ఊపిరి ఆగుతుంది, చెయ్యి కామా పెడుతుంది. కర్త ఎంత పొడవున్నా అక్కడ ఒంటి కామా పడకూడదు. పాత పుస్తకాల్లో ఇలాంటివి కనిపిస్తాయి. 1791లో ఆమోదం పొందిన అమెరికా రెండో రాజ్యాంగ సవరణలో 'ఆర్మ్స్' తరువాత, 'షల్ నాట్' ముందు కామా ఉంది. అది ఆనాటి వాడుక. దాన్ని చూసి నేడు రాయకండి.

మన 'అని' తెచ్చే చిక్కు ఇంకొకటి: "హి సెడ్, దట్ హి వాజ్ రెడీ." 'దట్' ముందు కామా వద్దు. అచ్చంగా ఆయన మాటలే కొటేషన్లో పెడితేనే 'సెడ్' తరువాత కామా. 'ఇఫ్', 'వెన్' భాగం ముందొస్తే దాని తరువాత కామా, వెనకొస్తే సాధారణంగా అక్కర్లేదు.

'నాట్' ఉన్న వాక్యంలో 'బికాజ్' వస్తే మాత్రం కాస్త ఆగండి. "షి డిడ్ నాట్ రిజైన్ బికాజ్ ది శాలరీ వాజ్ లో" అంటే, రాజీనామా చేసింది గానీ కారణం జీతం కాదు అని చదువుకునే వీలుంది. "షి డిడ్ నాట్ రిజైన్, బికాజ్ ది శాలరీ వాజ్ గుడ్" అంటే రాజీనామా చేయనే లేదు. ఇంత తేడా కామా మీద వదిలేయడం కన్నా వాక్యాన్ని తిరగరాయడమే మేలని నా సలహా.

ఇక జాబితాలు. తెలుగులో "మా బాబాయిలకూ, రమేశ్‌కూ, సురేశ్‌కూ" అంటే చిక్కే లేదు. ఆ 'కూ' ఎవరికి వారిని విడిగా నిలబెడుతుంది. "టు మై అంకుల్స్, రమేశ్ ఆండ్ సురేశ్" అన్నప్పుడు ఆ ఇద్దరే బాబాయిలేమో అన్న అనుమానం వస్తుంది. 'ఆండ్' ముందు ఇంకో కామా పెడితే ఆ అనుమానం తగ్గుతుంది. దీన్నే ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. అమెరికా ప్రచురణకర్తలు ఎక్కువగా పెడతారు, బ్రిటన్ పత్రికలు ఎక్కువగా వదిలేస్తాయి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర చట్టంలో ఒకప్పుడు ఈ కామా ఉండేది కాదు. ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర "స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్ ఆఫ్" అని ఉండి, ఆ తరువాత వ్యవసాయ ఉత్పత్తులు, మాంసం, పాడయ్యే ఆహారం వచ్చేవి. ఓవర్‌టైమ్ అడిగిన ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు పాలు పంచేవారు, ప్యాకింగ్ చేసేవారు కాదు. పంపిణీ విడి పనా, లేక పంపిణీ కోసం చేసే ప్యాకింగా? 'ఆర్' ముందు కామా లేనందువల్ల వాక్యం స్పష్టంగా లేదనీ, అలాంటప్పుడు కార్మికుల వైపే అర్థం చెప్పాలనీ 2017లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. కోర్టు తీర్పు వచ్చాక చట్టసభ ఆ జాబితాలో సెమికోలన్లు పెట్టింది. ఒప్పందం, నియమావళి, టెండరు రాసేవారు ఈ కామాను ప్రతిసారీ పెట్టడమే క్షేమం.

రెండు విశేషణాల మధ్య కామా పెట్టాలా వద్దా అంటే, మధ్యలో 'ఆండ్' పెట్టి చూడండి. 'ఎ లాంగ్, టైరింగ్ జర్నీ'లో కుదురుతుంది. 'ఎ న్యూ స్టీల్ బాక్స్'లో కుదరదు, కాబట్టి కామా లేదు.

అంకెల్లో మనం 10,00,000 అని రాస్తాం, బ్రిటన్, అమెరికాల్లో 1,000,000. జర్మనీలో 3,5 అంటే మూడున్నర. విదేశాలకు వెళ్లే బిల్లులో రెండు పద్ధతులు కలిపితే డబ్బు లెక్కే మారుతుంది. తేదీల్లో '15 ఆగస్ట్ 1947'కు కామా లేదు. అమెరికా పద్ధతిలో వాక్యం మధ్య 'ఆగస్ట్ 15, 1947,' అని రెండు కావాలి.

దిద్దేటప్పుడు ముందు ప్రతి వాక్యంలో ప్రధాన క్రియ కింద గీత గీయండి. రెండు గీతలు పడి, మధ్యలో ఆ ఏడు మాటల్లో ఏదీ లేక ఒంటి కామా ఉంటే అది స్ప్లైస్. తరువాత 'హూ', 'విచ్' ఉన్నచోట ఆగండి. అక్కడ వ్యాకరణ పుస్తకం చాలదు. "ది టీచర్స్ హూ అటెండెడ్ ది ట్రైనింగ్ విల్ గెట్ సర్టిఫికెట్స్" అన్న సర్క్యులర్ మీ బల్ల మీదికి వస్తే, శిక్షణకు అందరూ వచ్చారా, కొందరే వచ్చారా అని రాసినవారినే అడగండి. అందరూ వచ్చి ఉంటే రెండు కామాలు పెట్టండి. కొందరే అయితే ఒక్కటీ పెట్టకండి.