చామగడ్డ వేపుడు: జిగురు లేకుండా, ఎల్లిపాయకారంతో

(కడాయిలో గడ్డలు వేగుతున్న చప్పుడు. మాట వెనక నుంచి)

అందరికీ నమస్తే. చామగడ్డ అనగానే ఇంట్లో వినిపించే కంప్లైంట్లు రెండు: జిగురు, దురద. రెండూ ఉడకబెట్టే దగ్గరే తేలిపోతాయి. అందుకే ఈ వీడియోలో వేపుడు కంటే ముందు గిన్నె దగ్గర కాసేపు ఆగుదాం.

అంగడిలో ఏరేటప్పుడు అన్నీ ఒకే సైజు గడ్డలు తీసుకోండి. మట్టి అంటుకొని ఉన్నా ఫర్వాలేదు, మొలకలొచ్చినవి, మెత్తబడ్డవి వద్దు. చిన్నవీ పెద్దవీ కలిపితే, పెద్దది ఉడికేసరికి చిన్నది ముద్దయిపోతుంది. నలుగురికి అరకిలో చాలు.

ఇప్పుడు దురద సంగతి. ఈ గడ్డలో కాల్షియం ఆక్సలేట్ ఉంటుంది, కంటికి కనిపించనంత సన్నటి సూదుల రూపంలో. పచ్చి గడ్డ చెక్కు తీస్తే చేతులకు గుచ్చుకునేవి అవే. సరిగ్గా ఉడకని ముక్క తింటే గొంతు గరగరలాడేదీ వాటివల్లే. అందుకని తొక్కతోనే ఉడకబెడదాం. ఎప్పుడైనా పచ్చిగా చెక్కు తీయక తప్పకపోతే, చేతులకు నూనె రాసుకోండి.

(గిన్నె, మరుగుతున్న నీళ్లు)

గడ్డలు మునిగేన్ని నీళ్లు పోసి, చిన్న చింతపండు రెబ్బ వేయండి. చిన్న గడ్డలకు 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. కుక్కర్ వద్దనే చెప్తాను. ఒక్క విజిల్ ఎక్కువైతే ఇక వేపుడు సంగతి మర్చిపోవాల్సిందే, పులుసు పెట్టుకోవడమే.

(క్లోజప్: చాకు మొన)

ఇక్కడ చూడండి. చాకు మొన సులువుగా దిగింది, నడుమకు వచ్చేసరికి కొంచెం పట్టింది. ఇప్పుడే దించేయాలి. మిగతాది కడాయిలో మగ్గుతుంది.

నీళ్లు వంపేసి, తొక్క తీసి, పళ్లెంలో ఆరబెట్టండి. వేడి మీద కోస్తే చాకుకు తీగలు సాగుతుంది. చల్లారితే లోపలి పిండి గట్టిపడి ముక్క నిలబడుతుంది. ఫ్యాన్ కింద అరగంట పెట్టండి. రాత్రే ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున టెన్షన్ ఉండదు.

చల్లారాక చక్రాలుగా కోసి పసుపు, ఉప్పు, రెండు చెంచాల బియ్యప్పిండి చల్లండి. తడి మొత్తం పిండి పీల్చుకుంటుంది.

(రోలు, ఎర్రటి కారం)

ఇక కారం. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. లావుగా, ఎర్రగా ఉంటుంది కాబట్టి టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు దండిగా ఇస్తుంది, ఘాటు తక్కువ. ఒక చెంచా చపాటా కారానికి అర చెంచా తేజ అనే ఘాటు మిర్చి కారం కలపండి, రంగూ మంటా రెండూ వస్తాయి. ఇందులో ఎనిమిది ఎల్లిపాయ రెబ్బలు పొట్టుతోనే, అర చెంచా జీలకర్ర, చిన్న కుడుక ముక్క, కొంచెం ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో మెత్తగా చేస్తే ఎల్లిపాయ పంటి కింద తగలదు.

ఇనుప కడాయిలో నాలుగు చెంచాల పల్లి నూనె బాగా కాగాక, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. మూడు నాలుగు నిమిషాలు గంటె పెట్టొద్దు. చేయి ఊరుకోదు, నాకు తెలుసు. కానీ కదిపితే పైన పట్టిన పిండి ఊడి జిగురు బయటపడుతుంది. మూత అసలే వద్దు, ఆవిరికి చెమ్మ పడుతుంది. కింది వైపు ఎర్రబడి, ముక్క దానంతటదే కడాయిని వదిలాక తిప్పండి.

రెండో వైపు కూడా వేగాక ముక్కలు ఓ పక్కకు జరిపి, ఆ నూనెలోనే ఆవాలు, కల్యామాకు వేయండి. చిటపటలాడాక స్టవ్ ఆపి, అప్పుడు ఎల్లిపాయకారం చల్లి రెండుసార్లు ఎగరేయండి. మంట మీద వేస్తే కారం మాడి చేదొస్తుంది. ఆ కడాయి వేడి చాలు.

(కంచంలో అన్నం, పచ్చిపులుసు, వేపుడు)

దీనికి జోడీ పచ్చిపులుసే. పప్పుచారుతోనూ బాగుంటుంది, సాంబారుతో అంటే మాత్రం నేను ఒప్పుకోను. మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి, మెత్తబడతాయి. అదే కడాయిలో నూనె వేయకుండా సన్న సెగ మీద రెండు నిమిషాలు తిప్పితే సరిపోతుంది.