నూటికి యాభై ఆరు: ఫుట్‌బాల్ జోస్యాలపై ఫోన్-ఇన్

(బెంగళూరు తెలుగు శ్రోతల కోసం ఆదివారం ఉదయం ప్రసారమైన కార్యక్రమం నుంచి. సలహాలు ఇచ్చినవారు లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసి, పాతికేళ్ళు జిల్లా పోటీల్లో రెఫరీగా ఈల ఊదిన పెద్దాయన.)

వ్యాఖ్యాత: నమస్కారం. మొదటి శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండి. ముందు మీ దగ్గర రేడియో గొంతు కాస్త తగ్గించండి, మా మాట మాకే తిరిగి వినిపిస్తోంది.

శ్రోత (మారతహళ్ళి): తగ్గించానండి. నమస్తే మాస్టారూ. పేరు వద్దులెండి, మా ఆఫీసువాళ్ళు వింటుంటారు. మాకు ఏటా ఆగస్టులో ఒక పందెం ఉంటుంది. డబ్బులు పెట్టం, ఓడినవాళ్ళు అందరికీ దోసెలు తినిపించాలి. ఇంగ్లీషు ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లూ చివరికి ఏ వరుసలో నిలుస్తాయో సీజన్ మొదలు కాకముందే రాసివ్వాలి. మూడేళ్ళుగా దోసెల ఖర్చు నాదే. రాత్రి మేలుకొని ఒక్క మ్యాచ్ వదలకుండా చూసేది నేను. పోయినసారి గెలిచింది మాత్రం ఆట ముఖమే చూడని మా అకౌంట్స్ మేడమ్.

మాస్టారు: ఆవిడ ఎలా రాశారో అడిగారా?

శ్రోత: కిందటేడాది పట్టిక దించేసి, రెండు మూడు పేర్లు పైకీ కిందకీ జరిపారట.

మాస్టారు: ఆవిడకు నా నమస్కారం చెప్పండి. మరి మీరు ఏం చూసి రాస్తారు?

శ్రోత: ఎవరిని కొత్తగా కొన్నారు, సీజన్ చివర్లో ఎలా ఆడారు, కొత్త కోచ్ ఎవరు, ఇలాంటివి.

మాస్టారు: అక్కడే దోసెలు పోతున్నాయి. చివరి ఐదారు మ్యాచ్‌లు కళ్ళకు కట్టినట్టు ఉంటాయి కాబట్టి మీరు వాటినే నమ్ముతున్నారు. ఒక లెక్క చెబుతాను, కాగితం ఉందా? ఇంటర్‌లో పాయిజాన్ విభాజనం చదివే ఉంటారు, సగటు తెలిస్తే ఏది ఎన్నిసార్లు జరగవచ్చో చెప్పే సూత్రం. ఒక జట్టు సగటున మ్యాచ్‌కు 1.8 గోల్స్ కొడుతుందనుకోండి. ఎదుటి జట్టు ఒకటే కొడుతుంది. దాదాపు రెట్టింపు తేడా కదా? మరి 100 మ్యాచ్‌లు ఆడితే పెద్ద జట్టు గెలిచేవి ఎన్ని?

శ్రోత: ఎనభై దాకా గెలవాలి.

మాస్టారు: 56. డ్రా అయ్యేవి 23. మిగతా 21 చిన్న జట్టువే. క్రికెట్‌లో రెండొందల పరుగులు చేస్తారు, అదృష్టం ఒకచోట ముంచినా ఇంకోచోట తేలుస్తుంది. ఇక్కడ మొత్తం ఆటలో రెండో మూడో గోల్స్. బంతి ఒక్కసారి ఎవరి మోకాలికో తగిలి లోపలికి పోయిందంటే తొంభై నిమిషాల శ్రమ బూడిదపాలు. నూటికి 56 గెలిచే ఆ జట్టు 24 మ్యాచ్‌లు ఆడిందంటే, గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున సగటున 46 పాయింట్లు వస్తాయి. ఆటతీరు రవ్వంత మారకపోయినా, అదృష్టం ఒక్కదానివల్లే ఆ 46 ఒక ఏడు 40 కావచ్చు, ఒక ఏడు 52 కావచ్చు. మన ఐఎస్ఎల్, అదే ఇండియన్ సూపర్ లీగ్, 2024-25 పట్టిక గుర్తుందా? బెంగళూరు, నార్త్ఈస్ట్, జంషెడ్‌పూర్ మూడింటికీ 38 పాయింట్లే. ఆరో స్థానంలో ఉన్న ముంబైకి 36. మూడో స్థానానికీ ఆరో స్థానానికీ మధ్య రెండు పాయింట్లు! దాన్ని చూసి బెంగళూరు ముంబై కన్నా మూడు మెట్లు పైన అంటే నేను ఒప్పుకోను. తరువాత ప్లేఆఫ్‌లో బెంగళూరు ముంబైని 5-0తో చితక్కొట్టింది కదా అని మీరంటారు. ఆ ఒక్కరోజు మాట అది.

శ్రోత: అయితే చూడటం మానేయమంటారా?

మాస్టారు: చూడండి, ఆనందించండి. రాసేటప్పుడు మాత్రం మరిచిపోండి. పాయింట్ల కన్నా గోల్స్ తేడా నమ్మండి. ఒక్క గోల్ తేడాతో పదిసార్లు గెలిచి పైకొచ్చిన జట్టును రెండు మెట్లు దించండి. జీతాలకు ఎవరు ఎంత ఖర్చు పెడుతున్నారో చూడండి, పట్టిక చాలావరకు ఆ వరుసలోనే ఉంటుంది. కింది డివిజన్ నుంచి వచ్చిన మూడు జట్లనూ కళ్ళు మూసుకుని అడుగున పెట్టండి. 2023-24లో మూడూ తిరిగి కిందికే పోయాయి, మరుసటి ఏడు వచ్చిన మూడూ అంతే. ఒక్కోసారి తప్పుతారు. ఎక్కువసార్లు తప్పరు.

శ్రోత: మరి లీసెస్టర్? 2016లో వాళ్ళు గెలుస్తారని ఎవరు రాశారు?

మాస్టారు: రాయకపోవడం తప్పు కాదు. 5000కి ఒకటి, అంటే రూపాయికి 5000 ఇస్తామని పందెంవాళ్ళు ధర కట్టారు చూడండి, తప్పు అక్కడుంది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1977లో పై డివిజన్‌కు వచ్చి ఆ వచ్చిన ఏడాదే కప్పు ఎత్తుకుపోయింది. అలాంటిది ఒకసారి జరిగిన దేశంలో 5000 అనకూడదు. ఇంకో మాట. గెలిచిన మరుసటి ఏడు లీసెస్టర్ 12వ స్థానం. చెల్సీ అయితే వరుసగా మూడేళ్ళలో మొదటి స్థానం, పదో స్థానం, మళ్ళీ మొదటి స్థానం. మీ దోసెలకు ఈసారి పూచీ నాది కాదు గానీ, అకౌంట్స్ మేడమ్‌తో పోటీకైనా నిలబడతారు.

వ్యాఖ్యాత: రెండో శ్రోత హొరమావు నుంచి. చెప్పమ్మా.

శ్రోత (హొరమావు): నమస్తే మాస్టారూ. మాది సికింద్రాబాద్, ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాము. మా తాతయ్యతో నాకు రోజూ గొడవ. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ జట్టే మన ఊరు చూసిన అన్నిటికన్నా గొప్ప జట్టని నేనంటాను. ఆయనేమో...

వెనక నుంచి గొంతు: ఫోను ఇటు ఇవ్వు.

శ్రోత: ఇదిగోండి, ఆయనే మాట్లాడతారట.

తాతగారు: అయ్యా, నమస్కారం. మా రహీమ్ సాహెబ్ కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ముందు ఇవాళ్టి పిల్లలు నిలబడతారా, మీరే చెప్పండి. నేను చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను.

మాస్టారు: మీరు చూశారు, నేను చదువుకున్నాను. కాబట్టి మీ మాటకు విలువ ఎక్కువ. కానీ భుజాల మీంచి చూసిన ఆట ఎప్పుడూ కొంచెం ఎత్తుగానే కనిపిస్తుంది, ఏమనుకోకండి.

తాతగారు: (నవ్వు) అనుకోనులే.

మాస్టారు: మీ ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఇద్దరినీ ఇవాళ ఒకే మైదానంలో దింపితే ఎవరు గెలుస్తారన్నది మనవరాలి ప్రశ్న. దానికి జవాబు సులువు, ఇవాళ్టి జట్టే. తిండి, కసరత్తు, బూట్లు, వైద్యం, అన్నీ మారాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. మీ ప్రశ్న వేరు: తమ కాలంలో తమ ఎదుటివాళ్ళ కన్నా ఎవరు ఎంత ఎత్తున ఉన్నారు? నేనైతే దాన్నే గొప్పతనం అంటాను.

తాతగారు: చెప్పు, చెప్పు.

మాస్టారు: ఎలా కొలవాలో ముందు ఇంగ్లండు లెక్కతో చూపిస్తాను, అక్కడ పాత పట్టికలు పదిలంగా ఉన్నాయి. 2003-04లో ఆర్సెనల్ ఓటమి లేకుండా లీగ్ గెలిచింది. 26 గెలుపులు, 12 డ్రాలు, 90 పాయింట్లు. 2017-18లో మాంచెస్టర్ సిటీ రెండు ఓడినా 100 పాయింట్లు తెచ్చింది. వీళ్ళకన్నా ముందు, లీగ్ పుట్టిన 1888-89లోనే ప్రెస్టన్ 22 మ్యాచ్‌ల్లో 18 గెలిచి, 4 డ్రా చేసి, ఒక్కటీ ఓడలేదు. అప్పట్లో గెలుపుకు రెండే పాయింట్లు. ఇంగ్లండులో మూడు చేసింది 1981లో. కాబట్టి ప్రెస్టన్‌ను మూడు పాయింట్ల లెక్కలోకి మార్చండి: 66కి 58. అంటే 100కి 88. సిటీ 114కి 100, అదీ 100కి 88. ఆర్సెనల్ 79 మాత్రమే.

తాతగారు: ఓడనిది ఆర్సెనల్. గెలిచింది ఎక్కువ సిటీ.

మాస్టారు: పట్టుకున్నారు! ఓడకపోవడానికి పేరు ఎక్కువ, గెలవడానికి పాయింట్లు ఎక్కువ. అయితే ప్రెస్టన్, సిటీ సమానమా అంటే తొందరపడను. ఆ మొదటి లీగ్‌లో ఉన్నవి 12 జట్లు, అన్నీ ఉత్తర, మధ్య ఇంగ్లండు ఊళ్ళవే. లండన్ జట్టు ఒక్కటీ లేదు. ఎవరిని ఓడించారో చూడకుండా ఎంతమందిని ఓడించారో చెబితే అది సగం లెక్కే.

తాతగారు: మా పోలీసుల సంగతికి రండి.

మాస్టారు: వస్తున్నాను. 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో రోవర్స్ కప్ వరుసగా ఐదేళ్ళు మీవాళ్ళదే. అది నాకౌట్ పోటీ, ఒక్కరోజు కాలు జారితే ఇంటికే. ఏటా నాలుగు మ్యాచ్‌లు గెలవాలనుకుందాం. ఐదేళ్ళకు 20. ప్రతి మ్యాచ్‌లో 100కి 80 గెలిచే జట్టు ఉందనుకోండి, అదే చాలా గొప్ప జట్టు. అది 20కి 20 గెలిచే అవకాశం 100కి ఒకటి. 100కి 90 గెలిచేంత మొనగాళ్ళకైనా ఆ అవకాశం 100కి 12 మాత్రమే. ఇందాక ఆఫీసు అబ్బాయికి అదృష్టం గురించి అంత చెప్పాను కదా, ఇక్కడ అదృష్టం పేరు ఎత్తలేను. అదృష్టం ఐదేళ్ళు వరుసగా ఒకే ఇంట్లో కాపురం ఉండదు. పైగా ఎదుటివాళ్ళు సామాన్యులా? కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు పంచపాండవులని ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉన్న రోజులవి. వాళ్ళలో అప్పారావు మనవాడే. అహ్మద్ ఖాన్ ఈ బెంగళూరువాడు.

తాతగారు: విన్నావా?

మాస్టారు: ఆగండి, మనవరాలి వైపూ చెప్పాలి. 2021-22 సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది. సొంత మైదానం, సొంత జనం ఎవరికీ లేరు. ఆ ఏడు హైదరాబాద్ ఫార్వర్డ్ ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. ఫైనల్లో కేరళతో 1-1, పెనాల్టీల్లో 3-1, గోల్ కీపర్ కట్టిమణి చేతుల మీదుగా. మంచి జట్టు అమ్మా, కాదనను. కానీ అదే క్లబ్ 2019-20లో 10 పాయింట్లతో అట్టడుగున ఉంది. 2023-24లో ఆటగాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయి 8 పాయింట్లతో మళ్ళీ అట్టడుగుకు పోయింది. నా ఓటు పోలీసులకే. రహీమ్ అక్కడితో ఆగలేదు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి తెచ్చారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ మరుసటి ఏడే పోయారు.

తాతగారు: ఆ జకార్తా జట్టులో మా సికింద్రాబాద్ బలరామ్ ఉన్నాడు.

మాస్టారు: ఉన్నారు. ఫోను మనవరాలికి ఇవ్వండి. అమ్మా, ఓడిపోయావు, కానీ గొడవ మానకు. ఆయన గొంతులో హుషారు చూశావుగా.

వ్యాఖ్యాత: తరువాతి శ్రోత చిక్కబాణావర నుంచి.

శ్రోత (చిక్కబాణావర): మాస్టారూ, నాది ఆట సంగతి కాదండి. మా ఆయన ఫోనులో మ్యాచ్‌ల మీద డబ్బు పెడుతున్నారు. జోస్యం తనకు బాగా తెలుసంటారు. గెలిచినవి చెబుతారు, పోయినవి చెప్పరు. పిల్లవాడి ఫీజు డబ్బు కూడా అందులోకే పోయింది.

మాస్టారు: అమ్మా, నేను లెక్కల మాటే చెబుతాను, జాగ్రత్తగా వినండి. నాణెం ఎగరేసే పందెంలో 100 పెడితే న్యాయంగా 200 తిరిగి రావాలి. ఆ నడిపేవాళ్ళు 190 ఇస్తారు. ప్రతి వందకూ సగటున అయిదు వాళ్ళ జేబులోకి పోతుంది. మీ ఆయనకు ఆట తెలిసినా ఆ అయిదును దాటడం దాదాపు కుదరదు, ఎందుకంటే ధర కట్టేవాళ్ళకు ఆయన కన్నా ఎక్కువ తెలుసు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది, ఇవి ఇంకా దొంగదారిన నడుస్తున్నాయి. అక్కడ పోయిన డబ్బు అడగడానికి దిక్కు ఉండదు. బ్యాంకు ఖాతా మీ చేతిలోకి తీసుకోండి. ఆయన మానలేకపోతే తిట్టి లాభం లేదు. ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వ్యసనాలు చూసే క్లినిక్ ఉంది, ఇద్దరూ కలిసి వెళ్ళండి. కార్యక్రమం అయ్యాక లైనులోనే ఉండండి, వివరాలు ఇస్తారు.

వ్యాఖ్యాత: తప్పకుండా ఉండండమ్మా. ఇక చివరి ఫోను. ఎవరు?

శ్రోత (ఆస్టిన్ టౌన్): అంకుల్, నేను ఆరో తరగతి. ఈసారి బెంగళూరు ఎఫ్‌సీ కప్పు గెలుస్తుందా?

మాస్టారు: నువ్వు పుట్టకముందు, 2013లో, ఆ క్లబ్ కొత్తగా పెట్టారు. మీ ఇంటి దగ్గర అశోక్‌నగర్ స్టేడియంలోనే ఆడేవాళ్ళు. మొదటి సీజన్‌లోనే అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచారు. నన్ను అప్పుడు అడిగి ఉంటే 100కి 5 అని ఉండేవాణ్ణి.

శ్రోత: ఇప్పుడు?

మాస్టారు: 10.

శ్రోత: అంటే గెలవదా?

మాస్టారు: గెలవదని అనలేదు. నీ డబ్బాలో పది పెన్సిళ్ళు ఉన్నాయనుకో, ఒకటి ఎర్రది. కళ్ళు మూసుకుని తీస్తే ఎర్రది రాకూడదా?

శ్రోత: ఉండండి, చూస్తాను. (డబ్బా చప్పుడు) నా దగ్గర మూడే ఉన్నాయి అంకుల్. ఒకటి ఎర్రది.

మాస్టారు: తీయి మరి.

శ్రోత: ...నల్లది. ఇంకోసారి తీస్తాను.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది మాస్టారూ.

మాస్టారు: ఒక్క నిమిషం ఆగండి, వాణ్ణి తీయనివ్వండి.