ఎటు తీసుకెళ్దాం అనుకునేలోపు

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకి నా మాట వినిపించకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా చెప్తాను. గుండె ఆగినా, పక్షవాతం వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆస్పత్రికి చేరేలోపు మనమేం చెయ్యాలో ఈరోజు చెప్పుకుందాం.

నేను పుట్టిపెరిగింది ఒడిశా అంచున ఉన్న ఈ పర్లాకిమిడిలోనే. నర్సింగు చదివి ఇరవై ఏళ్లకు పైగా క్యాజువాలిటీలో పనిచేశాను. రోగిని దించుతున్నప్పుడే మన వైపు వాళ్లని నేను గుర్తుపట్టేసేదాన్ని, ఎందుకంటే వాళ్లు ముందు చెప్పేది జబ్బు గురించి కాదు. "సిస్టర్, మొదట బరంపురం అనుకున్నాం, శ్రీకాకుళం దగ్గరన్నారు, మా బావమరిదేమో వైజాగే మేలన్నాడు" అని మొదలుపెడతారు. పాతపట్నం మనకి పక్కనే, అక్కడ అడుగు పెడితే రాష్ట్రం మారిపోయి ఆంధ్రా అవుతుంది. ఉచిత వైద్యం కార్డు ఎక్కడ చెల్లుతుంది, ఒడియాలో డాక్టరుగారికి ఎవరు చెప్తారు, రాత్రిపూట తోడుండే చుట్టాలు ఎక్కడున్నారు, ఇవన్నీ నిజమైన బెంగలే, నేను కాదనను. కానీ ఈ లెక్కలన్నీ వేసుకుంటున్నప్పుడు మనిషి నేలమీద పడి ఉంటాడు, అక్కడే నా బాధంతా.

మా మావయ్య సంగతి చెప్తాను. అప్పుడు నేను నర్సింగు రెండో సంవత్సరం. పెళ్లింట్లో బంతిలో కూర్చుని పెరుగన్నం కలుపుతున్న మనిషి అలాగే విస్తరిమీదికి ఒరిగిపోయాడు. ఒకరు మొహాన నీళ్లు కొట్టారు, ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు, మా పిన్ని అరికాళ్లు రుద్దుతోంది. మావయ్య ఉండుండి నోరు తెరిచి పెద్దగా గాలి లాగుతుంటే "ఊపిరుంది, ఊపిరుంది, కారు తెండి" అని అరిచారు. అది ఎగఊపిరి. గుండె ఆగిపోయాక కొన్ని నిమిషాలపాటు అలా వస్తుంది, అది ఊపిరి ఆడుతున్నట్టు కాదు. ఆ ముక్క నేను అప్పటికే క్లాసులో చదివాను. కానీ పెద్దవాళ్ల మధ్య చిన్నపిల్లనని పక్కకి నెడితే పక్కకి జరిగిపోయాను, చెయ్యి వెయ్యలేదు. కారు వచ్చింది, ఎటు వెళ్లాలన్న చర్చ కారు దగ్గర కూడా నడిచింది. ఆయన దక్కలేదు. నేను ఛాతీ నొక్కితే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు, కానీ ఒక్కరం కూడా నొక్కలేదు.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం పూడుకుపోతుంది, మనిషి చెమటలు పట్టి, గుండె పట్టుకుని, మీతో మాట్లాడుతూనే ఉంటాడు. గుండె ఆగడమంటే చాలాసార్లు గుండె లయ తప్పి ఊరికే వణుకుతుంటుంది, రక్తాన్ని తోయదు, మనిషి సెకన్లలో స్పృహ తప్పుతాడు. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు. ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, ఎవరూ ఏమీ చేయకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. ఈ లెక్కన మీకు వైజాగ్ అయినా బరంపురం అయినా ఒకటే, రెండూ దూరమే. కారులోకి ఎక్కించడం కాదు, పడినచోటే పని మొదలవ్వాలి.

భుజాలు తట్టి పిలవండి. పలకడు, ఊపిరి లేదు, లేదా ఎగఊపిరి ఉంది, అంతే, ఇంకేం చూడక్కర్లేదు, నాడి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఆ నంబరు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే కాబట్టి ఒడిశాలో ఉన్నారో ఆంధ్రాలో ఉన్నారో ముందు చెప్పండి, తర్వాత జిల్లా, ఊరు, గుర్తుగా ఏ గుడో బడో చెప్పండి. రెండోవాళ్లు మోకాళ్లమీద కూర్చుని, రొమ్ము మధ్యలో ఉండే ఎముక కింది సగంమీద, అరచేతిలో మణికట్టు దగ్గరుండే గట్టి భాగాన్ని ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాలి. 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి, అప్పుడే గుండెలోకి మళ్లీ రక్తం చేరుతుంది. రెండు నిమిషాలకి చేతులు పడిపోతాయి, ఇంకొకరు అందుకోవాలి. నోట్లో గాలి ఊదడం రాకపోతే మానేయండి, నొక్కడం మాత్రం ఆపకండి.

మొదటి పది నొక్కుళ్లలో చేతికింద టక్కుమని చప్పుడు రావొచ్చు. పక్కటెముక విరిగి ఉండొచ్చు. నాకు మొదటిసారి వినపడినప్పుడు ఒళ్లు జలదరించింది, పక్కనున్న పెద్ద సిస్టర్ "ఆపకు, ఎముక అతుక్కుంటుంది" అంది. ఆ మాటే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ఇది డాక్టర్ల పని కదా అంటారు. ఛాతీ నొక్కే ఈ పద్ధతిని 1960లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ అనే వైద్య సంస్థకి చెందిన ముగ్గురు లోకానికి చెప్పారు, ఆ ముగ్గురిలో కౌవెన్‌హోవెన్ అనే ఆయన డాక్టరు కాదు, కరెంటు ఇంజినీరు. రెండు చేతులుంటే ఎవరైనా చేయొచ్చని వాళ్లు అప్పుడే రాశారు.

పక్షవాతం దగ్గర మాత్రం ఎటు వెళ్లాలన్నది చాలా పెద్ద ప్రశ్న. నవ్వమంటే మూతి ఒక పక్కకి పోతోంది, రెండు చేతులు చాపమంటే ఒకటి జారిపోతోంది, మాట ముద్దగా వస్తోంది, వీటిలో ఒక్కటి హఠాత్తుగా కనిపించినా బయలుదేరాలి. గాలి సోకిందని తాయెత్తు కోసం వెళ్లడం, నూనె మర్దన చేయించి రేపు చూద్దామనడం, ఇవే మన కొంప ముంచుతున్నాయి. మెదడులో పెద్ద రక్తనాళం పూడుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అదీ సీటీ స్కాన్ తీసి లోపల రక్తం గడ్డ కట్టిందా, రక్తనాళం చిట్లిందా తేల్చాకే. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. అందుకే గుండెపోటుకి ఇస్తారని ఇక్కడ ఆస్పిరిన్ మింగించకండి, బీపీ ఎక్కువుందని నాలుక కింద బిళ్ల పెట్టకండి, మంచినీళ్లు కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి చివరిసారి మామూలుగా కనిపించింది ఎన్నింటికో ఒక చీటీమీద రాసి పట్టుకురండి. తెల్లారి లేచేసరికి అలా ఉంటే లేచిన టైము కాదు, రాత్రి పడుకున్న టైము రాయాలి.

ఏ ఆస్పత్రిలో రాత్రీపగలూ సీటీ స్కాన్ ఉంది, ఆ ఇంజెక్షన్ వేస్తారా, వెంటిలేటరు ఉందా, మీ కార్డు అక్కడ చెల్లుతుందా, ఈ నాలుగూ ఈ వారంలోనే కనుక్కుని గోడమీద క్యాలెండరు వెనక రాసిపెట్టండి. బావమరిదిని కూడా ఇప్పుడే అడిగేయండి.

ఊపిరి సంగతి. ఆయాసం ఉన్నవాళ్లు ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నారంటే, పెదాలు నీలంగా మారుతుంటే, ముఖ్యంగా అంతసేపూ గింజుకున్న మనిషి నెమ్మదించి మత్తుగా తూగుతుంటే, తగ్గిపోయిందని సంతోషించొద్దు, అలసిపోయి ఊపిరి ఆగే స్థితికి వచ్చారు. పడుకోబెట్టకండి, ముందుకి వంగి కూర్చోనివ్వండి, వాళ్ల ఇన్‌హేలరు ఇవ్వండి, 108కి చెప్పండి.

మన పల్లెల్లో ఇంకొకటుంది, కట్లపాము. నేలమీద చాపలో పడుకున్నవాళ్లని రాత్రి కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగలేరు, మాట ముక్కులోంచి వస్తుంది, ఆపైన ఊపిరి ఆడించే కండరాలు చచ్చుబడతాయి. గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. కళ్లు తెరవలేరు, వేలు కదపలేరు, కానీ మీరు మాట్లాడేది వినపడుతూ ఉండొచ్చు. పోయాడని అక్కడ ఏడవకండి. ఊపిరి ఆగితే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, అయిదారు సెకన్లకొకసారి నోట్లోకి గాలి ఊదుతూ ఆస్పత్రికి చేర్చండి. అక్కడ విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే వెంటిలేటరు పెడతారు. అలా కొన్ని రోజులు మిషనుమీద ఉండి, తర్వాత తన కాళ్లమీద తను నడిచి ఇంటికెళ్లినవాళ్లని నేను నా కళ్లతో చూశాను. మంత్రగాడి గుమ్మంలో గడిచిన గంట మాత్రం తిరిగి రాదు.

నేను చెప్పదలుచుకున్నది అయిపోయింది. బల్లమీద గట్టి దిళ్లు నాలుగు ఉన్నాయి, కింద వేసుకుని నొక్కడం నేర్చుకుందాం. ముందు వరసలో పచ్చచీర కట్టుకున్న అమ్మా, మీరు రండి, గాజులు కాస్త పైకి జరుపుకోండి. బాబూ, నువ్వు ఫోన్‌లో రెండు నిమిషాలు పెట్టు. మిగతావాళ్లు గట్టిగా లెక్కపెట్టండి, తెలుగులోనో ఒడియాలోనో, మీ ఇష్టం.